గుంజితే ఆగే తాడు

“వచ్చిందా?”

“వచ్చిందక్కా. వదిలెయ్.”

“వదిలిన.”

“పోయింది. పక్కదానికి నడువు.”

శుక్రవారం పొద్దుటి నుంచి ఫోనులో ఇవే మాటలు. ఫ్లోరెన్స్ పామాయిల్ ఫ్యాక్టరీ అంతా తిరుగుతూ ఒక్కొక్క స్విచ్చే నొక్కి వదులుతోంది. మెట్ల పైనున్న కంట్రోలు రూములో లాప్‌టాప్ ముందు కూర్చున్న శాంతికుమార్, ఆమె నొక్కిన సంగతి కొత్త పెట్టెదాకా చేరితే వచ్చిందంటున్నాడు, వదిలితే పోయిందంటున్నాడు. సరిగ్గా వచ్చి పోయినవాటి పక్కన ఆమె సుద్దముక్కతో ఒక గీత గీస్తోంది.

ఆ పెట్టె పేరు పీఎల్‌సీ. చండ్రుగొండ దాటి అడవి మొదలయ్యే చోట ఫ్యాక్టరీ పెట్టిన నాటి నుంచీ కంట్రోలు రూములో గోడ పొడవునా ఇనుప బీరువాలే ఉండేవి. తలుపు తీస్తే అగ్గిపెట్టెలు పేర్చినట్టు, కరెంటును కలిపి తెంపే రిలేలు, వాటి మధ్య జడలల్లినట్టు వైర్లు. ఒక మోటారు నడవాలంటే ఒక రిలే టక్కుమని ఇంకోదాన్ని లేపేది, అది మరోదాన్ని. ఫ్లోరెన్స్ ఆ బీరువాల ముందు స్టూలు వేసుకుని ఏళ్లుగా కూర్చుంది. తల తిప్పి చూడకుండానే, టక్కుమన్న చోటును బట్టి బాయిలరు ఫ్యాను లేచిందో, గెలలు ఉడికించే డ్రమ్ము తలుపు పడిందో చెప్పేది. వానాకాలంలో ఏదో ఒక రిలే అలిగేది. స్క్రూడ్రైవరు పిడితో దాని నెత్తిన ఒకటి కొడితే మళ్లీ దారికి వచ్చేది. ఇప్పుడు ఆ బీరువాల పనంతా టిఫిను డబ్బా అంత ఉన్న ఈ పెట్టె ఒక్కటే చేస్తుందట. చప్పుడు లేదు. ముందువైపు ఆకుపచ్చ చుక్కలు వెలుగుతాయి, అంతే. దానికి ఉక్కపోయకూడదని రూముకు ఏసీ కూడా పెట్టించారు.

“మరి లోపల రిలేలు ఏడున్నయ్ తమ్ముడూ?” అని మొదటిరోజే అడిగింది.

శాంతికుమార్ కొత్తగూడెంలో గని కార్మికుల క్వార్టర్లలో పెరిగినవాడు. ఊరూరా ఫ్యాక్టరీల్లో పాత బోర్డులు పీకి ఇలాంటి పెట్టెలు పెట్టడమే అతని పని. లాప్‌టాప్ ఆమె వైపు తిప్పాడు. తెర మీద రెండు నిలువు గీతలు, వాటి మధ్య మెట్లు మెట్లుగా అడ్డగీతలు.

“నిచ్చెన లెక్క లేదా? దీన్ని నిచ్చెన అనే అంటరు. ఒక్కొక్క మెట్టు ఒక్కొక్క మోటారు కథ. ఎడమదిక్కు నుంచి కరెంటు బయలెల్తది. మూత పడ్డదా? అవ్. నూనె ఉన్నదా? అవ్. అన్నీ అవ్ అంటే కుడిదిక్కున మోటారు తిరుగుతది. ఒక్కటి కాదన్నా ఆడనే ఆగుతది. వెనకట రిలే బోర్డులు కట్టెటోళ్లు కాయితం మీద గిట్లనే గీసుకునేది. వాళ్లకు అర్థం కావాలనే పెట్టె వచ్చినంక గూడ గదే బొమ్మ ఉంచిండ్రు. రిలేలు పోయినయ్, బొమ్మ మిగిలింది.”

ఫ్లోరెన్స్‌కు ఆ మాట నచ్చింది. అప్పటి నుంచి ఆ పెట్టెను చూస్తే అంత కొత్త అనిపించలేదు.

మధ్యాహ్నం అన్నాల వేళకు ఒక్కటే మిగిలింది.

“డొల్ల గెలల బెల్టు కాడి తాడు” అన్నాడు శాంతికుమార్ ఫోనులో. “గది ఉల్టా అక్కా. ఎవ్వరు గుంజనప్పుడు వస్తనే ఉంటది. గుంజితే పోవాలె. తాడు తెగినా పోతది, వైరు ఎలుక కొరికినా పోతది. ఎట్ల పోయినా బెల్టు ఆగుతది.”

“అంటే మంచిగున్నంత సేపు మంచిగున్న, మంచిగున్న అని చెప్తనే ఉండాలన్నట్టు.”

“అవ్. నోరు మూసిందంటే ఏదో అయినట్టే. మా ఇంటామె లెక్క.”

“ఉండు, ఆమెకు ఫోన్ చేసి చెప్త” అంటూ ఆమె బెల్టు వైపు నడిచింది.

ఉడికిన గెలల నుంచి పండ్లు రాలగొట్టాక మిగిలిన డొల్లలు ఆ బెల్టు మీద బయటికి పోతాయి. పండ్లు పూర్తిగా రాలని గెల కనబడితే, అటూ ఇటూ నిలబడ్డ ఆడవాళ్లు దాన్ని లాగి పక్కన పడేయాలి. వేడి, జిడ్డు, ముళ్లు. చేతులకు గ్లౌజులు, చీరల మీద మగవాళ్ల చొక్కాలు. బెల్టు పొడవునా నడుమెత్తున ఎర్రటి తాడు కట్టి ఉంటుంది. ఎవరి చెయ్యో కొంగో పడితే, ఎవరు ఎక్కడ లాగినా బెల్టు ఆగిపోవాలి.

సీజను సోమవారం మొదలు. ఆడవాళ్లు బెల్టు కింద రోలర్లకు పట్టిన పోయినేటి మడ్డిని గీకుతున్నారు. తాడుకు వరసగా అన్నం సంచులు, నీళ్ల సీసాలు, ఒక గొడుగు వేలాడుతున్నాయి. ఫ్లోరెన్స్ రెండు సంచులు పక్కకు జరిపి తాడు లాగింది.

“పోయిందా?”

“లేదక్కా, ఉన్నది.”

ఇంకా గట్టిగా లాగింది. రెండు చేతులతో పట్టుకుని ఒళ్లంతా వేసి వేలాడింది.

“ఉన్నదక్కా. నువ్వు తాడే గుంజుతున్నవా?”

“ఏందక్కా, ఉయ్యాల ఊగుతున్నవ్?” అంది సోమ్లి రోలరు మీది నుంచి తలెత్తి. పక్కనున్నవాళ్లు నవ్వారు. సోమ్లి తన పక్కనే గీకుతున్న పెద్దావిడ దీవెనమ్మ ముఖంలోకి ఒకసారి చూసి మళ్లీ గీకుడులో పడింది.

స్విచ్ తుప్పు పట్టిందేమోననుకుంది ఫ్లోరెన్స్. అది కాదు. శాంతికుమార్ పాత బీరువా అడుగు తలుపు తీసి, టార్చి పెట్టి చూసి ఆమెను పిలిచాడు. తాడు స్విచ్ నుంచి వచ్చిన రెండు వైర్లను ఎక్కించే చోట, వేలెడంత వైరు ముక్క ఈ చివర నుంచి ఆ చివరకు వంగి ఉంది. తాడుతో పని లేకుండా, ఎప్పుడూ “మంచిగున్న” అని అదే చెబుతోంది.

“ఇది నిన్న మొన్న ఏసింది కాదు” అన్నాడు. వైరు మీద దుమ్ము నూనెతో కలిసి గట్టిపడి ఉంది. వేలితో గీకితే ఎరుపు కనబడింది.

ఫ్లోరెన్స్ ఆ ఎర్ర ముక్కనే చూసింది. బెల్టు మీదికి కొత్తగా ఎవరు వచ్చినా మొదటిరోజు తీసుకుపోయి చూపించేది తనే. వాళ్ల చెయ్యి పట్టుకుని తాడు మీద పెట్టేది. “ఏదన్న అయితే ముందు ఇది గుంజుండ్రి, తర్వాత మొత్తుకోండ్రి” అనేది. వాళ్లు నవ్వి, “అవ్” అనేవాళ్లు.

మేనేజరు సాంబమూర్తి విని ఆశ్చర్యపోలేదు.

“నేనే ఏయించిన. సంచులు తగిలిస్తరు, బరువుకు తాడు దిగుతది, బెల్టు ఆగుతది. ఎన్నిసార్లని చూడాలె? గెల కోసినంక ఒక్కదినం దాటితే నూనె పాడైతది. గేటు కాడ ట్రాక్టర్లు లైను గట్టి ఉంటయ్. వాళ్లకు సమాధానం నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా?” శాంతికుమార్ వైపు తిరిగాడు. “వైరు ముక్క గూడ ఎందుకు ఇంక? నీ ప్రోగ్రాములనే ఎప్పుడూ ఓకే అని పెట్టెయ్.”

“పెట్టొచ్చు సార్” అన్నాడు శాంతికుమార్ నెమ్మదిగా. “పాత బోర్డుల గాబట్టి తలుపు తీస్తే వైరన్న కనపడ్డది. ఇందుల పెడితే నేను చెప్తే తప్ప ఎవ్వరికి కనపడదు.”

“కనపడి ఏం జేస్తది? ఫ్లోరెన్స్‌కు ఎదురుంగ కెమెరా టీవీ పెడుతున్నం. ఆమె సూసి ఆపుతది.”

ఫ్లోరెన్స్ బయటికి వచ్చి, తాడు స్విచ్ పక్కన గీత గీయకుండానే సుద్దముక్కను గోడ మీద పెట్టి వెళ్లిపోయింది.

ఇంటికి వచ్చేసరికి భర్త డేవిడ్ వెల్డింగు షాపు మూసి, అరుగు మీద కూర్చుని చేతులకు కిరోసిను రుద్దుకుంటున్నాడు.

“ఏసీ రూము దొరసాని వచ్చింది. మాకు ఛాయ్ దొరుకుతదా?”

ఆమె నవ్వలేదు. ఛాయ్ పెడుతూ జరిగింది చెప్పింది. అతను విని, “చెప్పినవ్ గదా మేనేజరుకు. ఇంకేంది?” అన్నాడు.

“ఏం చెప్పిన? ఊకె నిలబడ్డ.”

“మరి ఆ ఆడోళ్లకు చెప్పు.”

“ఎట్ల చెప్పాలె? ఇన్నేండ్లు నేను చెప్పింది అబద్ధమని చెప్పాల్నా?”

“నీకు తెల్వదు గదా.”

“వాళ్ల చెయ్యి పట్టుకొని ఆ తాడు మీద పెట్టింది నేనే గదయ్యా” అంది. ఛాయ్ పొంగి స్టవ్ మీద పడింది. గుడ్డతో తుడిచి, తుడిచినచోటే మళ్లీ తుడిచింది.

ఆదివారం గుడిలో పాటలయ్యాక పాస్టరుగారు, సాక్ష్యం చెప్పేవాళ్లుంటే లేవమన్నారు. ఆడవాళ్ల వైపు చాప మీద ఫ్లోరెన్స్‌కు ముందు వరసలో దీవెనమ్మ కూర్చుని ఉంది. మోకాలి మీద చెయ్యి ఊని లేచింది. ముసుగు సర్దుకుంది.

“రేపట్నించి మిల్లు సీజను మొదలు. పోయినేడు నా కొంగు బెల్టు రోలర్ల పడ్డది. మెడకు బిగిసి నన్ను గుంజుకపోతాంది. దేవుడు సోమ్లికి కాళ్లిచ్చిండు. ఆ బిడ్డ ఆ కొసాన ఉన్న స్తంభం దాకా ఉరికి బటను నొక్కింది. నొక్కేటాలకు నా గడ్డం బెల్టుకు తాకింది. నన్ను బతికిచ్చిన దేవునికి స్తోత్రం. ఈ యేడు గూడ మమ్ముల కాపాడాలె.”

“స్తోత్రం” అన్నారందరూ.

పోయినేడు ఆ స్తంభం బటనుతో బెల్టు ఆగిన రోజు ఫ్లోరెన్స్‌కు గుర్తుంది. బోర్డు మీద ఎర్రదీపం వెలిగింది. ఎవరో నీళ్లు తాగడానికి ఆపారనుకుంది. దీపం ఆరగానే సైరను కొట్టి మళ్లీ నడిపించింది. ఎవరూ పైకి వచ్చి ఏమీ చెప్పలేదు. ఆ మర్నాటి నుంచో, వారం నుంచో ఆడవాళ్లంతా చీరల మీద చొక్కాలు తొడగడం మొదలుపెట్టారు. ముళ్లకనుకుంది.

పక్కనే తాడుండగా సోమ్లి అంత దూరం ఎందుకు ఉరికినట్టు?

గుడి వదిలాక దీవెనమ్మ చెప్పులు వెతుక్కుంటూ ఆమెను చూసి పలకరించింది. “ఏం బిడ్డా, మొకం గుంజుకపోయింది? పానం మంచిగ లేదా?”

“మంచిగనే ఉన్న పెద్దమ్మా” అంది ఫ్లోరెన్స్. ఒక చెప్పు కాలితో ఆమెవైపు జరిపింది.

సోమవారం పొద్దున ఫ్యాక్టరీ గేటు బయట దమ్మపేట రోడ్డు మలుపు దాకా గెలల ట్రాక్టర్లు ఆగి ఉన్నాయి. బాయిలరు మీద ఆవిరి లేచింది. బెల్టు దగ్గర పాతవాళ్లు గ్లౌజులు తొడుక్కుంటున్నారు. కొత్తగా చేరిన నలుగురు అడవి పక్క పల్లెల నుంచి వచ్చినవాళ్లు, మెట్ల కింద ఒకరి వెనక ఒకరు నిలబడ్డారు. గ్లౌజులు ఎటునుంచి తొడగాలో చూస్తున్నారు.

సాంబమూర్తి ఫోను చెవికి పెట్టుకునే కంట్రోలు రూములోకి వచ్చాడు. “కొత్తోళ్లకు చెప్పాల్సింది చెప్పి జల్దీ స్టార్ట్ చెయ్యమ్మా.”

“మీరు చెప్పుండ్రి సార్.”

“ఏంది?”

“తాడు సంగతి. ఈసారి మీరు చెప్పుండ్రి. నేను పక్కన నిలబడ్త.”

“రోజు చెప్పేదే గదా, నాలుగు మాటలు.”

“అవ్ సార్, నాలుగు మాటలే. గుంజితే ఆగుతదని చెప్పాలె, లేకుంటే గుంజినా ఆగదని చెప్పాలె. మీకేది మంచిగనిపిస్తే అది చెప్పుండ్రి. నాతోని రెండూ అయితలేవు.”

గొంతు పెంచలేదు. శాంతికుమార్ కీబోర్డు మీది నుంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. సాంబమూర్తి ఇద్దరినీ చూసి విసురుగా మెట్లు దిగాడు. ఫ్లోరెన్స్ వెనక దిగింది.

నలుగురూ అతన్ని చూసి సర్దుకుని నిలబడ్డారు. వాళ్లలో అందరికంటే చిన్నది, తల్లో కనకాంబరాలు పెట్టుకుంది. సాంబమూర్తి తాడు దగ్గర ఆగాడు. “చూడండమ్మా” అన్నాడు. తాడు మీద చెయ్యి వేశాడు. ఆ పిల్ల అతని చెయ్యిని చూసింది, ఇంకా ఏం చెబుతాడోనని ముఖం చూసింది. అతను గొంతు సవరించుకున్నాడు. గేటు దగ్గర ఎవరో ట్రాక్టరు హారను ఆపకుండా కొట్టారు.

అతను చెయ్యి తీసేశాడు. ఫ్లోరెన్స్ పక్కనుంచి వెళ్తూ, “కలపమను” అన్నాడు. “సంచులు తగిలి ఒక్కసారి ఆగినా మళ్ల పీకేయిస్త. నా మాట అంటే మాటే.”

శాంతికుమార్ ఆ రెండు వైర్లనూ కొత్త పెట్టెకు ఎక్కించాడు. స్విచ్ మూత తీసి దుమ్ము తుడిచి నూనె వేశాడు. ఫ్లోరెన్స్ తాడు లాగింది. “పోయింది” అన్నాడు ఫోనులో. వదిలి, తాడు లాగినప్పుడు స్విచ్‌కు పడిపోయే మీటను సరిచేసింది. “వచ్చింది.” కొత్తవాళ్లకు ఆమె ఎప్పటిలాగే చెప్పింది. చెయ్యి పట్టుకుని తాడు మీద పెట్టింది. పాతవాళ్లు తమ పనిలో తాము ఉన్నారు.

పైకి వచ్చి సైరను కొట్టింది. పెట్టెకు తగిలించిన కొత్త తెర మీద వేలు పెట్టగానే డ్రమ్ములు, ఫ్యాన్లు, బెల్టులు ఒక్కొక్కటిగా ఆకుపచ్చగా మారాయి. ఆమె చెవి టక్కు కోసం చూస్తూనే ఉంది. అది రాలేదు.

కాసేపటికే డొల్ల గెలల బెల్టు ఎర్రబడి ఆగింది. కింద తెలుగు అక్షరాలు వచ్చాయి: తాడు లాగారు.

ఆమె గబుక్కున కెమెరా టీవీలోకి చూసింది. ఎవరి చెయ్యీ పడలేదు. అందరూ నిలబడి బెల్టు కేసి చూస్తున్నారు. తాడు మీద సంచుల వరస. చివరన ఎవరో నీళ్ల డబ్బా కూడా తగిలించారు. బల్ల మీద ఫోను మోగింది, సాంబమూర్తి. ఆమె దాన్ని పట్టుకునే మెట్లు దిగింది.

“సంచులు తియ్యుండ్రి! ఎన్నిసార్లు చెప్పాలె మీకు?”

“ఎప్పుడు చెప్పినవక్కా?” అంది సోమ్లి నిమ్మళంగా.

నిజమే. ఆ మాట ఆమె ఎప్పుడూ చెప్పలేదు. పైనుంచి కిందికి రావలసిన పనే ఎప్పుడూ పడలేదు.

“మీరు గిట్ల సంచులు తగిలించబట్టే గదా తాడు పని చెయ్యకుండ చేసిండ్రు...”

“ఆగాగు” అంది సోమ్లి. గ్లౌజు ఊడదీసింది. “మేం సంచులు తగిలించబట్టి తాడు సచ్చిందా? ఎవరన్నరు? ఎన్నడో ఒక్కసారి ఎవరో తగిలిస్తే ఆగింది, తిట్టిండ్రు, మానినం. పోయినేడు ఈ పెద్దమ్మ కొంగు పడ్డనాడు నేను ముందుగాల గీ తాడే గుంజిన. ఈడ గుంజిన, ఆడ గుంజిన. ఆగలే. అప్పుడు ఉరికిన. సచ్చిన తాడుతోని ఏం పని? గా దినం సంది సంచులకు పెట్టుకున్నం.”

“మరి నాకెందుకు చెప్పలే?”

సోమ్లి దీవెనమ్మ వైపు చూసింది. దీవెనమ్మే చెప్పింది, నొచ్చుకోకుండా, పిల్లకు చెప్పినట్టు.

“నీకు తెల్సనుకున్నం బిడ్డా.”

“నాకా?”

“బోర్డు కాడ కూసునేది నువ్వే గదా. పైనోళ్లు చెప్పమన్నది చెప్తున్నవ్, నీ నౌకరి నీది అనుకున్నం. నువ్వు మెట్లెక్కినంక కొత్తోళ్లకు సోమ్లి చెప్పేది, గది గుంజకుండ్రి, స్తంభం కాడికి ఉరుకుండ్రి అని. ఇయ్యాల గూడ చెప్పింది.”

కనకాంబరాల పిల్ల తల వంచుకుంది.

ఫ్లోరెన్స్ చేతిలో ఫోను మోగి ఆగి, మళ్లీ మోగింది. ప్రతి ఏడూ తను మాట్లాడుతుంటే ఎదురుగా కనబడిన ఆ నవ్వులు, ఆ “అవ్” అనడాలు ఆమె కళ్ల ముందు నిలబడ్డాయి. ఇన్నాళ్లూ వాళ్లు ఆమెను నమ్మలేదు. కోపమూ పెట్టుకోలేదు. గుడిలో ఆమె ముందే కూర్చుని, ఆమె పెళ్లిరోజుకు ప్రార్థన చేసి, ఊళ్లో ఎదురైతే ఆగి మాట్లాడారు. ఆమె అబద్ధం చెబుతుందని తెలిసే.

తెలియదని చెప్పబోయింది. ఆ మాట ఇప్పుడు ఎందుకూ పనికిరాదనిపించింది.

“ఇప్పుడు ఆగుతది” అంది.

“గట్లనే అంటవ్ ఎప్పుడు” అంది సోమ్లి. ఒకరిద్దరు నవ్వారు.

ఫ్లోరెన్స్ మోగుతున్న ఫోను కట్ చేసి శాంతికుమార్‌కు కలిపింది. “తమ్ముడూ, బెల్టు నడిపియ్. నేను చెప్పేదాక ఫోను పెట్టెయ్యకు.” సంచులు తనే రెండేసి చొప్పున తీసి గట్టు మీద పెట్టి, తాడు స్విచ్ మీట సరిచేసింది. సైరను మోగింది. బెల్టు కదిలింది. డొల్ల గెలలు ఆవిరి కక్కుతూ వరసగా రాసాగాయి.

“గుంజు” అంది సోమ్లితో.

సోమ్లి నమ్మకం లేనట్టు ఒక వేలితో తాడు పట్టుకుంది. లాగింది. బెల్టు ఒక్క మూరెడు జారి ఆగిపోయింది. గెలలు ఒకదాని మీద ఒకటి ఒరిగాయి. బాయిలరు హోరు అంతకుముందు కంటే గట్టిగా వినిపించింది.

“ఓయమ్మో” అంది సోమ్లి. తాడును వదిలి, తన వేలు చూసుకుంది.

“ఇంకెవరు?”

కనకాంబరాల పిల్ల వచ్చింది. రెండు చేతులతో ఎద్దును ఆపినట్టు లాగి, బెల్టు ఆగగానే సిగ్గుపడి వెనక్కి పోయింది. ఆ పిల్ల తర్వాత ఇంకొకామె. ప్రతిసారీ ఫ్లోరెన్స్ మీట సరిచేసి, “నడిపియ్” అంటోంది, సైరను మోగుతోంది, బెల్టు నడుస్తోంది, ఆగుతోంది. లాగినవాళ్లు లాగినట్టు గట్టు దగ్గరికి పోయి తమ సంచి తీసుకుని చేత్తో పట్టుకుని నిలబడ్డారు.

“ఇవి ఏడ పెట్టాలె మరి? కుక్కలొస్తయ్” అంది ఒకామె.

“నా రూముల పెట్టుండ్రి. ఏసీ ఉన్నది, కూర పుల్లబడదు.”

“ఏందిది?” సాంబమూర్తి మెట్ల దగ్గర నుంచి అరుస్తూ వచ్చాడు. “ఎన్నిసార్లు ఆగింది? నేనేం చెప్పిన నీకు?”

“సంచులకు ఒక్కసారే ఆగింది సార్. మిగిలినయ్ మేమే గుంజినం.”

“ఎందుకు?”

“ఆగుతదో లేదో చూసుకుంటున్నరు. చూడకపోతే నమ్మరు. నమ్మకపోతే మళ్ల సంచులే తగిలిస్తరు.”

అతను తాడు వైపు చూశాడు. దాని మీద ఒక్క సంచీ లేదు. ఏదో అనబోయి, “ఇంకా ఎందరున్నరు?” అన్నాడు.

“పెద్దమ్మ ఒక్కతే.”

సాంబమూర్తి నుదురు తుడుచుకుని, ట్రాక్టర్లవాళ్లకు చెప్పడానికి గేటు వైపు నడిచాడు.

దీవెనమ్మ చొక్కా గుండీ పెట్టుకుని బెల్టు పక్కకు వచ్చింది. పోయినేడు నిలబడ్డ చోటే నిలబడింది. బెల్టు నడుస్తోంది. ఆమె కొంతసేపు గెలలు పోవడం చూసింది. తర్వాత తాడు పట్టుకుని, ముందుకూ వెనక్కీ కాకుండా, బావి చేద దింపినట్టు మెల్లగా కిందికి దించింది.

బెల్టు ఆగింది.

ఆమె వంగి, గ్లౌజు తీసిన అరచేతిని వేడి బెల్టు మీద పెట్టింది. అది కదలలేదు. చెయ్యి తీయకుండానే ఫ్లోరెన్స్ వైపు చూసింది.

“ఇంకోపారి గుంజుకోనా బిడ్డా?”

ఫ్లోరెన్స్ మీట సరిచేసి ఫోను నోటి దగ్గర పెట్టుకుంది. “చెయ్యి తియ్ పెద్దమ్మా” అంది. తీసిందని కళ్లతో చూసుకున్నాకే, “నడిపియ్ తమ్ముడూ” అంది.